పట్టించు, పెట్టు, వేయు: పశ్చిమ ప్రకాశంలో ఇంటి జుట్టురంగు చరిత్రకు తెలుగు క్రియల సాక్ష్యం

వ్యాససంగ్రహం

నెరసిన జుట్టును ఇంటిలో నల్లబరచుకొనడం నేడు సర్వసాధారణం. అయినా తెలుగు సాంఘిక చరిత్ర రచనలో దీనికి తగిన చోటు దక్కలేదు. ఇంటి గోడల మధ్య జరిగే పనికి శాసనాలు, దస్తావేజులు ఉండవు. అట్టి పనికి భాషే మొదటి సాక్ష్యం. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని, తలకు సంబంధించిన మూడు క్రియాపదాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అవి నూనె ‘పట్టించు’, గోరింటాకు ‘పెట్టు’, రంగు ‘వేయు’ అనేవి. ఈ మూడు క్రియలు మూడు చారిత్రక దశలను సూచిస్తాయని, చివరి దశలో ఇంటి జ్ఞానం పొట్లం మీది అక్షరాలకు బదిలీ అయిందని, అందువల్ల ఆ అక్షరాల తెలుగు భాషాశాఖల పరిశీలనకు రావలసిన విషయమని ఇందులో ప్రతిపాదించడమైనది.

కీలకపదాలు: నెరపు, పలితం, తలనీలాలు, నీలి, గోరింట, గుంటగలగర, పశ్చిమ ప్రకాశం, హెచ్చరిక భాష.

1. ప్రవేశిక

ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరును పొందింది. గుంటూరు, నెల్లూరు జిల్లాల భాగాలతో పాటు కర్నూలు జిల్లాకు చెందిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు ఇందులో చేరాయి. ఈ పశ్చిమ భాగం అంతకుముందు కర్నూలులోనూ, 19వ శతాబ్ది పూర్వార్ధంలో కడప జిల్లాలోనూ ఉండేది. కావున పాలనాపరంగా కోస్తా జిల్లాలో చేరినా, ఇక్కడి పలుకుబడికీ పంటలకూ రాయలసీమతో బంధుత్వం ఎక్కువ. ఒకవైపు నల్లమల అడవి, మరొకవైపు వర్షాధారపు మెట్ట పొలాలు, నడుమ కంభం చెరువు వంటి పాత జలాశయాలు, మార్కాపురం పలకరాతి గనులు ఈ ప్రాంత జీవనానికి ఆధారాలు.

ఇటువంటి ప్రాంతంలో జుట్టురంగు చరిత్రను వెదకడం మొదటి చూపునకు వింతగా తోచవచ్చు. సౌందర్యసాధనాల చరిత్రను సాధారణంగా నగరాలతో, రాజాస్థానాలతో ముడిపెడతారు. కాని జుట్టును నల్లబరచే ముడిపదార్థాలు పుట్టేది అడవిలో, చెరువు గట్టున, మెట్ట చేనులో. వాటిని వాడే నేర్పు వంటింటిలో ఉండేది. ఈ కారణం చేత ఈ విషయానికి పశ్చిమ ప్రకాశం అంచు ప్రాంతం కాదు.

ఈ వ్యాసానికి ఆధారాలు మూడు విధాలు: నిఘంటువులలోనూ వాడుకలోనూ ఉన్న పదజాలం, వైద్య శిల్ప శాస్త్రగ్రంథాల విషయం, ఆధునిక రసాయన వాణిజ్య చరిత్రతో పాటు చట్టం. మొదటిదే ప్రధానం. తక్కినవి దానిని సరిచూడడానికి ఉపకరిస్తాయి.

2. నెరపును చెప్పే మాటలు

సంస్కృతంలో నెరసిన కేశాలకు ‘పలితం’ అని పేరు. ముసలితనం వల్ల కేశాదులకు కలిగే తెలుపే పలితమని అమరకోశం నిర్వచించింది. తెలుగులో దీనికి ‘నెర’, ‘నర’ అనే దేశ్యరూపాలున్నాయి. తమిళ ‘నరై’, కన్నడ ‘నరె’, మలయాళ ‘నర’ దీనికి సోదరపదాలు. జుట్టు తెల్లబడడాన్ని చెప్పడానికి ప్రత్యేకమైన ధాతువు ద్రావిడభాషలకు ఇంత పురాతనంగా ఉండడం గమనింపదగినది. వయసు రాకముందే వచ్చే నెరపును ‘బాలనెరుపు’ అనడం నేటికీ వాడుకలో ఉంది.

ఈ ధాతువుతో పాటు తెలుగు మరికొన్ని అలంకారిక ప్రయోగాలను సృష్టించుకొంది. పూర్తిగా తెల్లబడిన తల ‘ముగ్గుబుట్ట’. అనుభవశాలి ‘తలపండినవాడు’. రెండవ ప్రయోగం లోతైనది. ఇందులో నెరపు క్షయం కాదు, పరిపాకం. కాయ పండు కావడం ఎట్లాగో తల పండడం అట్లాగే. సుశ్రుతసంహిత నిదానస్థానంలో పలితానికి కారణం చెబుతూ, కోపం, శోకం, శ్రమ వల్ల పుట్టిన దేహపు వేడి, పిత్తం తలకెక్కి కేశాలను ‘పచనం’ చేస్తాయని అన్నది. ‘పచ్’ ధాతువుకు వండుట, పండించుట అనే రెండర్థాలూ ఉన్నాయి. తెలుగు పలుకుబడి వైద్యశాస్త్రం నుంచి వచ్చిందని చెప్పనక్కరలేదు. రెండూ ఒకే భావనను వేర్వేరుగా పట్టుకొన్నాయి. అయితే ఒకే పాకాన్ని తెలుగు గౌరవంగా చూచింది, వైద్యం రోగంగా చూచింది. సుశ్రుతుడు పలితాన్ని క్షుద్రరోగాలలో చేర్చాడు.

నెరపును గౌరవించే దృష్టి, దానిని నయం చేయాలనే దృష్టి మన సంప్రదాయంలో పక్కపక్కనే నడిచాయి. రఘువంశంలో దశరథుని చెవి దగ్గరి నెరసిన వెంట్రుక, రాజ్యాన్ని రామునికి అప్పగించమని రహస్యంగా చెప్పినట్లు కాళిదాసు భావించాడు. అక్కడ నెరపు ఒక ఉపదేశం. భర్తృహరి వైరాగ్యశతకంలో ముఖాన ముడతలు, తలపై నెరపు, అవయవాలలో సడలుపాటు వచ్చినా ఆశ మాత్రం పడుచుదనంతోనే ఉంటుందన్న శ్లోకముంది. ఏనుగు లక్ష్మణకవి, పుష్పగిరి తిమ్మన వంటివారి అనువాదాల ద్వారా భర్తృహరి భావాలు తెలుగు పాఠకులకు కంఠస్థమయ్యాయి. అక్కడ నెరపు ఒక హెచ్చరిక. మరొకవైపు భారతంలోని యయాతి తన ముదిమిని కొడుకుకు ఇచ్చి యౌవనాన్ని తీసుకొన్నాడు. ఆ కథను పొన్నికంటి తెలగన్న 16వ శతాబ్దిలో అచ్చతెలుగు కావ్యంగా చెప్పాడు. ముదిమిని దాటాలన్న కోరికను సాహిత్యం దాచిపెట్టలేదు. దాని మూల్యాన్ని మాత్రం లెక్కగట్టింది.

3. నీలం: భాష వేసిన రంగు

నెరపునకు ఇన్ని మాటలున్న తెలుగులో కేశవర్ణన మాత్రం ఒకే రంగును గుర్తిస్తుంది. కావ్యాలలో కురులకు తుమ్మెదలు, కారుమబ్బులు, చీకటి, ఇంద్రనీలాలు ఉపమానాలు. స్త్రీకి ‘నీలవేణి’ అని పేరు. ఇక్కడ గమనించవలసింది నలుపు అనే మాట కంటె నీలం అనే మాటకు దక్కిన ప్రాధాన్యం. నిగనిగలాడే నల్లని జుట్టులో వెలుతురు పడినప్పుడు కనిపించే నీలిచాయను కవులు పట్టుకొన్నారు.

ఈ కావ్యపదం మత వ్యవహారంలోకి వచ్చి మరింత స్థిరపడింది. తిరుమలలోనూ ఇతర క్షేత్రాలలోనూ మొక్కు తీర్చుకొని సమర్పించే జుట్టు ‘తలనీలాలు’. సమర్పించేది పసిబిడ్డ అయినా, ముగ్గుబుట్ట వంటి తల గల వృద్ధురాలైనా అవి తలనీలాలే. ‘తలతెలుపులు’ అనే మాట తెలుగులో లేదు. వ్యవహర్త తన వయసును మరచినా మరవకపోయినా, భాష అందరి జుట్టుకూ ముందుగానే నీలం అద్ది పెట్టింది.

మార్కాపురం ప్రధాన దైవం లక్ష్మీ చెన్నకేశవస్వామి. ‘కేశవ’ శబ్దానికి ఉన్న వ్యుత్పత్తులలో ‘అందమైన కేశాలు గలవాడు’ అనేది ఒకటి. విష్ణుసహస్రనామ భాష్యంలో శంకరులు దీనిని చెప్పారు. ‘చెన్ను’ అంటే తెలుగులో అందం. ఆ వ్యుత్పత్తిని అంగీకరిస్తే చెన్నకేశవుడు అనే పేరులో కేశసౌందర్యం రెండుసార్లు పలికినట్లవుతుంది. దేవుని ముదిమి లేనివానిగా, నల్లని కేశాలవానిగా భావించే సమాజం తన నెరపును ఒక లోటుగా చూచుకొనడంలో ఆశ్చర్యం లేదు. సాహిత్యం, భక్తి కలిసి నిలిపిన ఆదర్శవర్ణం నీలమైనప్పుడు, ఆ రంగునిచ్చే మొక్క పేరు కూడ ‘నీలి’ కావడం కేవలం యాదృచ్ఛికం కాదు. కావ్యానికీ వంటింటికీ రంగు పేరు ఒక్కటే.

4. పట్టించు: నూనె దశ

‘పట్టించు’ అనేది ‘పట్టు’ ధాతువుకు ప్రేరణరూపం. నూనెను తల పట్టుకొనేటట్లు, లోనికి ఇంకేటట్లు చేయడం దీని అర్థం. ఇదే క్రియకు ‘కొను’ చేరి ‘పట్టించుకొను’ అయినప్పుడు శ్రద్ధ వహించుట అనే అర్థం కూడ వచ్చింది. ఈ దశలో జుట్టు నల్లదనం రంగు ఫలితం కాదు, పోషణ ఫలితం. నెరపు రోగం గనుక నూనె మందు.

ఆయుర్వేద గ్రంథాలు పలితచికిత్సకు నస్యాలు, లేపాలు, తైలాలు చెప్పాయి. మధ్యాసియాలో దొరికిన బవర్ రాతప్రతిలోని నావనీతకం అనే వైద్యగ్రంథం కేశరంజన యోగాలకు ఒక అధ్యాయాన్నే కేటాయించింది. ఇట్టి యోగాలలో తరచుగా కనిపించే ఓషధులు భృంగరాజం, నీలి, త్రిఫలాలు. భృంగరాజమే తెలుగువారి గుంటగలగర. చెరువు గట్లపై, కాలువల వెంట, చెమ్మ నిలిచే గుంటల చుట్టూ తెల్లని చిన్నపూలతో పెరిగే మొక్క ఇది. ఆకును నలిపితే వచ్చే పసరు గాలి తగిలి కొద్దిసేపటికే నల్లబడుతుంది. పచ్చబొట్టు పొడిచేవారికి కూడ ఈ పసరు ఉపయోగపడింది. చేతికి అంటిన నలుపును కన్నవారికి అది తలకూ అంటుతుందన్న నమ్మకం కలగడం సహజం.

త్రిఫలాలైన కరక్కాయ, తానికాయ, ఉసిరికాయలు నల్లమల సంపద. తలంటుకు వాడే కుంకుడుకాయ కూడ అడవి నుంచే మైదానానికి వచ్చేది. చెంచుల సేకరణ, సంతల అమ్మకం, తరువాతి కాలంలో 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోళ్లు ఈ సరఫరాకు మార్గాలు. అంటే మార్కాపురం, గిద్దలూరు ఇళ్లలోని తలంటు ఒక అటవీ ఆర్థిక వ్యవస్థకు కొసభాగం. గుంటగలగరాకు రసాన్ని నువ్వులనూనెలోనో కొబ్బరినూనెలోనో పసరు ఇగిరిపోయే దాకా కాచి, వడగట్టి, సీసాలో నిలువ చేయడం ఇంటి పని. నూనె కాగిందని చిటపటల చప్పుడు ఆగడాన్ని బట్టి, వాసనను బట్టి తెలుసుకొనేవారు. ఈ కొలతలు రాతలో లేవు. అత్త నుంచి కోడలికి, తల్లి నుంచి కూతురికి చూపుతో అందాయి.

నూనె నెరసిన వెంట్రుకను మళ్లీ నల్లగా మార్చదు. వేరులో రంగుకణాల ఉత్పత్తి ఆగిన తరువాత పైపూత దానిని తిరిగి పుట్టించలేదు. నూనె పైపైన చాయను ముదురు చేస్తుంది, మెరుపునిస్తుంది. ఈ పరిమితి తెలిసే శాస్త్రకారులు తైలాలతో ఆగక లేపాల వైపు వెళ్లారు. అక్కడ క్రియ మారింది.

5. పెట్టు: ఆకు, ఇనుము

‘పెట్టు’ అలంకరణ క్రియ. బొట్టు పెట్టు, కాటుక పెట్టు, పారాణి పెట్టు, పూలు పెట్టు అన్న వరుసలోనే గోరింటాకు పెట్టు అనేది చేరుతుంది. ఈ క్రియలన్నీ శుభసందర్భాలకు సంబంధించినవి. వీటిలో చాలావాటికి మరొకరి చేయి అవసరం. గోరింట మొదట అరచేతులకూ పాదాలకూ పెట్టినది, తరువాత తలకు ఎక్కింది. క్రియ మాత్రం మారలేదు. తెల్లజుట్టును కప్పడానికి గోరింట పెట్టుకొన్నా వాక్యంలో అది అలంకరణగానే వినబడుతుంది. వయసును దాచే పని శుభకార్యపు మాటలో ఒదిగిపోయింది.

గోరింట ఒక్కటే అయితే తెల్లవెంట్రుకకు నారింజ-ఎరుపు రంగు వస్తుంది. గడ్డానికి, తలకు ఈ ఎరుపునే కోరుకొని పెట్టుకొనే ఆచారం ముస్లిం పెద్దలలో ఉంది. నలుపు కావాలంటే రెండు మార్గాలు. మొదటిది నీలి. గోరింట పెట్టి కడిగిన తరువాత నీలి ఆకు పొడిని తడిపి పెడితే ఎరుపు మీద నీలం కూడి నలుపునకు దగ్గరవుతుంది. నీలి ఆకుకు ఉర్దూలో ఉన్న ‘వస్మా’ అనే పేరు ఈ వాడుకనే గుర్తుచేస్తుంది. రెండవది ఇనుము. ఉసిరి, కరక్కాయ, టీ డికాషన్, గోరింట వంటి వగరు పదార్థాలను ఇనుప మూకుడులో రాత్రంతా నానబెడితే, వాటిలోని టానిన్లు ఇనుముతో కలిసి నల్లని రంగునిస్తాయి.

ఈ రెండవ మార్గం చాలా పాతది. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని గంధయుక్తి అధ్యాయాన్ని కేశరంజనంతోనే ఆరంభించాడు. తల తెల్లబడినవానికి పూలదండలు, సుగంధాలు, వస్త్రాలు, నగలు శోభించవని చెప్పి, ఇనుపపాత్ర, ఇనుపపొడి, ధాన్యం, పులిసిన ద్రవంతో కూడిన లేపాన్ని వివరించాడు. జ్యోతిషం, వర్షశాస్త్రం, వాస్తువు చెప్పిన గ్రంథంలోనే జుట్టురంగు కూడ ఒక విద్యగా చోటు సంపాదించింది.

ఇనుము-వగరు కలయిక తలకే పరిమితం కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీతకు ఇనుపముక్కలను బెల్లంనీటిలో పులియబెట్టిన ద్రవాన్ని వాడతారు. కరక్కాయ కషాయంలో ముంచిన బట్టపై ఆ గీత పడగానే నల్లబడుతుంది. కరక్కాయ, అన్నభేది కలిపి రాతకు సిరా చేసేవారు. వస్త్రంపై గీత, కాగితంపై అక్షరం, తలపై రంగు ఒకే సూత్రంతో నల్లబడ్డాయి. పలకలు చేసే మార్కాపురానికి మరొక పోలిక కూడ సన్నిహితమే. రాతిపలక రాకముందు చెక్కపలకను బొగ్గుతో, ఆకుపసరుతో రుద్ది నల్లబరచేవారు. అక్షరాభ్యాసానికీ కేశరంజనానికీ పసరు ఒకే తోటలో దొరికేది. నలుపు తయారు చేయడం అనే నేర్పు వేర్వేరు పనుల మధ్య పంచుకొన్న జ్ఞానమని ఈ సామ్యాలు తెలుపుతున్నాయి. దానిని సౌందర్యసాధనాల శీర్షిక కింద మాత్రమే వెదికితే చరిత్రకారునికి సగం కూడ దొరకదు.

నీలి విషయం దీనికంటె విస్తృతమైనది. మద్రాసు రాజధానిలో కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలు నీలిమందు సాగుకు పేరుపొందాయి. పశ్చిమ ప్రకాశం ఈ మూడు జిల్లాల సంధిలో ఉన్నది. పొలంలో ఎగుమతి పంటగా ఉన్న మొక్కే పెరటిలో తలకు మందు. తెలుగు దీనికి పెట్టిన పేరు కూడ ‘నీలిమందు’. రంగును మందు అనడంలో, వెనుకటి ప్రకరణంలో చెప్పిన వైద్యదృష్టి ఇంకా మిగిలి ఉంది.

6. వేయు: పొట్లం దశ

1856లో విలియం పెర్కిన్ లండన్‌లో తారు నుంచి ఊదారంగును తయారు చేయడంతో కృత్రిమ రంగుల యుగం మొదలైంది. 1863లో హాఫ్‌మన్ పారా-ఫినిలిన్‌డయమిన్ అనే పదార్థాన్ని గుర్తించాడు. ఆ శతాబ్ది చివరికి దానిని ఉన్నికి, వెంట్రుకలకు రంగు వేయడానికి వాడే పద్ధతులకు ఐరోపాలో పేటెంట్లు వచ్చాయి. 1897లో జర్మనీలోని బీఏఎస్ఎఫ్ సంస్థ కృత్రిమ నీలిని బజారులోకి తెచ్చింది. 1909లో యూజీన్ షుయెల్లర్ పారిస్‌లో జుట్టురంగుల సంస్థను స్థాపించాడు. అదే తరువాత లోరియల్‌గా పెరిగింది.

తెలుగు ప్రాంతానికి ఈ వరుసలో ప్రత్యేకార్థం ఉంది. కృత్రిమ నీలి మన మెట్టపొలాల నుంచి నీలి పంటను తొలగించింది. అదే రసాయనశాస్త్ర శాఖ నుంచి పుట్టిన మరొక పదార్థం మన ఇళ్లలో నీలి ఆకు స్థానాన్ని ఆక్రమించింది. ఒకప్పుడు రంగును ఎగుమతి చేసిన నేల రంగును కొనుక్కొనే నేలగా మారింది. ఈ మార్పు పొలంలో ముందు, తలపై తరువాత జరిగింది.

ఇంటి మందు సీసాలోకి మారడం కూడ ఒక్కసారిగా జరగలేదు. ప్రకాశం జిల్లా ఇనమనమెళ్లూరుకు చెందిన డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసులో కేసరి కుటీరం స్థాపించి, లోధ్ర వంటి ఔషధాలతో స్త్రీల వైద్యాన్ని సీసాలలో, తపాలా ద్వారా ఇళ్లకు పంపాడు. 1928లో గృహలక్ష్మి పత్రికను ఆరంభించాడు. పత్రిక, ప్రకటన, సీసా మందు మూడూ కలిసి గృహిణిని కొనుగోలుదారుగా తీర్చిదిద్దాయి. తరువాతి దశ చిన్న పొట్లానిది. 1983లో కడలూరులో ఆరంభమైన చిక్ షాంపూ వంటి వ్యాపారాలు చిన్న సాచెట్‌ను పల్లెటూరి కిరాణా అంగడి దాకా చేర్చాయి. జుట్టురంగు పొడి కూడ ఇదే చిన్న పొట్లపు రూపంలో ఊళ్లకు చేరింది. ఒక్క వాడుకకు సరిపోయే కొలత, నీళ్లతో కలిపితే చాలునన్న సులువు, అరగంటలో నలుపు దీని ఆకర్షణలు.

ఈ దశలో క్రియ ‘వేయు’. జుట్టుకు రంగు వేసుకొను, డై వేసుకొను అంటాము. ‘రంగు పట్టించు’, ‘రంగు పెట్టు’ అనే ప్రయోగాలు లేకపోలేదు గాని ‘వేయు’దే ప్రాబల్యం. తలుపుకు, గోడకు రంగు వేయడంలో ఉన్నదీ ఈ క్రియే. నాటకరంగంలో ‘ముఖానికి రంగు వేసుకొను’ అంటే నటుడగుట, ‘వేషం వేయు’ అన్నదీ ఇదే. పట్టించడంలోని ఇంకుడు గుణం, పెట్టడంలోని శుభార్థం ఇందులో లేవు. ఉపరితలాన్ని కప్పడం, పాత్ర ధరించడం మిగిలాయి. పైగా ఇది ప్రధానంగా ఆత్మార్థకం. మరొకరి చేయి అవసరం లేని, అద్దం ముందు ఒంటరిగా చేసే పని గనుక ‘వేసుకొను’ రూపమే ఎక్కువగా వినిపిస్తుంది. గోరింట రాత్రి ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. రంగు వేసుకొన్న సంగతి కొన్నిసార్లు ఇంటిలోవారికే తెలుస్తుంది, కొన్నిసార్లు తెలియనట్లు ఉంటారు.

పాత మాటలు పూర్తిగా తొలగిపోలేదు. అవి పొట్లం మీదికి ఎక్కాయి. ‘నల్ల గోరింట’, ‘కాలీ మెహందీ’ అనే పేర్లు ఇందుకు ఉదాహరణలు. గోరింటాకు తనంతట తానుగా నల్లరంగు ఇవ్వదు. పావుగంటలో నల్లబరచే పొడికి మెహందీ అని పేరున్నా, ఆ నలుపు సాధారణంగా పారా-ఫినిలిన్‌డయమిన్ వల్లనే వస్తుంది. ‘పెట్టు’ దశలోని నమ్మకాన్ని ‘వేయు’ దశలోని వస్తువు అరువు తెచ్చుకొంది. ఆకు అనే మాటపై గల విశ్వాసంతో ఆకు కానిదాన్ని వాడడం కేవలం వాణిజ్య సమస్య కాదు, అర్థవిపరిణామ సమస్య కూడ.

7. నెరపు, వయసు, పని

జుట్టురంగును వ్యర్థమైన ఆడంబరంగా చూచే ధోరణి మన సంస్కరణ సాహిత్యం నాటి నుంచి బలపడింది. బాలికలను వృద్ధులకిచ్చే పెండ్లిండ్లపై వీరేశలింగం రచించిన బ్రాహ్మవివాహము ప్రహసనం, గురజాడ కన్యాశుల్కం ముదిమిని దాటాలనుకొన్న మగవానిని హాస్యపాత్రను చేశాయి. ఆ హాస్యం న్యాయమైనది. దాని వెనుక పసిపిల్లల జీవితాలున్నాయి. వయసు మీరిన మగవాడు మళ్లీ వరుడు కాగలిగిన సమాజంలోనే కొన్ని కులాలలో వితంతువుకు శిరోముండనం విధి. ఒకరికి నెరపును దాచే స్వేచ్ఛ, మరొకరికి జుట్టే లేకుండ చేసే శాసనం. స్త్రీలు నేడు తమ చేతులతో తాము రంగు వేసుకొనడాన్ని ఈ నేపథ్యంలో చూస్తే, అది తన తలపై తనకు గల అధికారాన్ని వాడుకొనడం కూడ.

ఇక పశ్చిమ ప్రకాశపు ప్రత్యేక పరిస్థితి. ఈ ప్రాంతం చిరకాలంగా ఫ్లోరైడు నీటి బాధను అనుభవిస్తున్నది. అస్థి ఫ్లోరోసిస్ వచ్చినవారికి కీళ్లు బిగుసుకొంటాయి, వెన్ను వంగుతుంది, పండ్లకు మచ్చలు పడతాయి. వర్షాధారపు సేద్యం నిలకడ లేక, పనికోసం హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలకు వెళ్లే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ముదిమి గుర్తులు కాలానికి ముందే శరీరంలో కనిపించే చోట, శరీరశ్రమను అమ్ముకొని బ్రతికేవారికి నెరసిన తల కూలి మీద ప్రభావం చూపగలదు. వెన్నునొప్పిని దాచలేరు, పంటిమచ్చను దాచలేరు, జుట్టును దాచగలరు. కోపం, శోకం, శ్రమ నెరపునకు కారణాలని సుశ్రుతుడు చెప్పిన మూడింటిలో చివరి రెండు ఈ నేలకు కొత్తవి కావు. జుట్టురంగును ఇక్కడ విలాసమని కొట్టివేసే వ్యాఖ్య, దాని వెనుకనున్న బ్రతుకుతెరువును చూడనట్లే అవుతుంది.

8. హెచ్చరిక తెలుగు

నూనె కాచే నేర్పులో జాగ్రత్త ఇమిడి ఉండేది. ఏ ఆకు ఎవరికి పడదో ఇంటి పెద్దకు తెలుసు. పొట్లం దశలో ఆ పెద్ద స్థానాన్ని ముద్రిత సూచన తీసుకొంది. అందువల్ల ఆ సూచన చదవదగినదిగా ఉందా అన్నది ప్రాణావసరమైన ప్రశ్న. పారా-ఫినిలిన్‌డయమిన్ కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది. మాడు మంట, ముఖవాపు, కండ్లు మూసుకొనిపోయే వాపు వంటివి దాని లక్షణాలు. కడుపులోకి పోతే గొంతు వాచి ఊపిరి అందకపోవడం, కండరాల నష్టం, మూత్రపిండాల వైఫల్యం సంభవిస్తాయని ఆంధ్రప్రదేశ్‌తో సహా దక్షిణ భారతదేశపు వైద్యులు వైద్యపత్రికలలో అనేక పర్యాయాలు నివేదించారు. ఇంటిలో పిల్లలకు అందని చోట దానిని ఉంచడం, ఏ విధంగా లోనికి పోయినా వెంటనే ఆసుపత్రికి చేరడం తప్పనిసరి.

1940 నాటి ఔషధాల, సౌందర్యసాధనాల చట్టం కింద రూపొందిన 1945 నియమావళిలోని 149వ నియమం 2020 దాకా జుట్టురంగుల పెట్టెలపై హెచ్చరికను నిర్దేశించింది. ఆ హెచ్చరిక ఇంగ్లీషులోనూ స్థానిక భాషలలోనూ, లోపలి చీటీపైనా బయటి చీటీపైనా ఉండాలని చెప్పింది. కొందరికి చర్మం రేగవచ్చునని, ముందుగా పరీక్ష చేసుకోవాలని, కనుబొమలకు కనురెప్పలకు వాడరాదని దాని సారాంశం. చెవి వెనుకనో ముంజేతి లోపలి వైపుననో కొద్దిగా రాసి 24 గంటలు చూడాలని, ఈ పరీక్ష ప్రతిసారి చేయాలని లోపలి సూచనపత్రం చెప్పాలని ఆ నియమంలో ఉండేది. ‘స్థానిక భాషలు’ అన్న ఈ రెండు మాటల ద్వారా చట్టం తెలుగుకు ఒక బాధ్యతను అప్పగించింది.

ఆ బాధ్యతను తెలుగు నెరవేర్చాలంటే హెచ్చరిక అనువాదంగా కాక తెలుగుగా ఉండాలి. ‘సున్నితత్వం’, ‘ప్రాథమిక పరీక్ష’, ‘చర్మ ప్రకోపం’ అనే మాటలు వ్యాకరణానికి తప్పు కావు. కాని వంటింటిలో పొట్లం విప్పిన చేతికి అవి అడ్డుగా నిలుస్తాయి. ‘చెవి వెనుక చుక్క రాసి ఒక పగలు, ఒక రాత్రి ఆగండి. దురద, మంట, వాపు వస్తే తలకు వేయవద్దు’ అన్న వాక్యాలు అదే పని చేస్తాయి. ‘దురద’, ‘మంట’, ‘వాపు’, ‘పడదు’ అనే దేశ్యపదాలు దేహబాధను చెప్పడానికి తరతరాలుగా పదునెక్కినవి. ముఖ్యంగా ‘పడకపోవడం’ అనే తెలుగు మాట, అలర్జీ భావనను సాంకేతికపదం అవసరం లేకుండ చెబుతుంది. పత్రికాభాష, పాఠ్యపుస్తకభాష, పాలనాభాష గురించి చర్చించిన మన శాఖలు పొట్లం భాషను ఇంతవరకు పాఠంగా స్వీకరించకపోవడం ఒక లోపం.

9. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ణయాలు తేలుతున్నాయి.

ఒకటి: ఇంటి జుట్టురంగు చరిత్రలో పట్టించు, పెట్టు, వేయు అనే క్రియలు క్రమంగా వైద్యం, అలంకరణ, ఆచ్ఛాదనం అనే మూడు దృష్టులకు ప్రాతినిధ్యం వహిస్తున్నాయి. ఈ దశలు ఒకదానిని ఒకటి తుడిచిపెట్టలేదు. ఒకే ఇంటిలో అవ్వ నూనె పట్టించుకొనడం, అమ్మ గోరింట పెట్టుకొనడం, కొడుకు రంగు వేసుకొనడం నేటికీ కలిసే సాగవచ్చు.

రెండు: కేశాలను నీలంగా భావించిన కావ్యసంప్రదాయం, తలనీలాలు అన్న భక్తిపదం, నీలి అనే పంట, నీలిమందు అనే వాణిజ్యవస్తువు ఒకే పదకుటుంబంలో కలిసి ఉన్నాయి. సాహిత్యచరిత్ర, వ్యవసాయచరిత్ర ఇక్కడ విడదీయరానివి.

మూడు: నలుపు చేసే నేర్పు సిరాకు, కలంకారీకి, పలకకు, తలకు ఉమ్మడి సొత్తు. దానిలోని పనిమాటలను, అనగా నానబెట్టు, నూరు, ఇగుర్చు, కాచు, పులియబెట్టు వంటివాటిని వాటి సందర్భాలతో మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల పెద్దల నుంచి సేకరించవలసి ఉంది. నిఘంటువులు ఈ క్రియలను ఇచ్చాయి గాని, ఎంతసేపు ఇగుర్చాలో, ఏ వాసనకు దించాలో ఇవ్వలేదు. మాట పుస్తకంలో మిగిలి అర్థం మనిషితో పోయే దశలో మనమున్నాము.

నాలుగు: ఆ జ్ఞానం స్థానంలోకి వచ్చిన ముద్రిత హెచ్చరిక వ్యావహారిక తెలుగులో, చదవగలిగే అక్షరాలలో ఉండాలి. హెచ్చరిక పాఠాలను సేకరించి, పాఠకులతో పరీక్షించి, సులభమైన నమూనాలను తయారు చేసి ఔషధ నియంత్రణ అధికారులకు అందించడం తెలుగు శాఖలు చేయగల పని. అందుకు భాషాశాస్త్రం, వైద్యం చదివినవారు కలిసి కూర్చుంటే చాలును.